పూర్ణ హృదయానికి ఖర్చు ఎవరిది?

దేవుణ్ణి పూర్ణ హృదయంతో, పూర్ణాత్మతో, పూర్ణ బలంతో ప్రేమించాలని ఆదివారం వింటాం, ఆమెన్ అంటాం. మర్నాడు గ్రామ సచివాలయంలో కుల ధ్రువీకరణ దరఖాస్తు నింపుతూ మతం అన్న గడి దగ్గర కలం ఆపుతాం. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన క్రైస్తవులందరికీ ఆ గడి తెలుసు. అక్కడ హిందువు అని రాస్తే ఎస్సీ, క్రైస్తవుడని రాస్తే బీసీ-సీ. రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే బీసీ-సీలకు ఉన్నది 1 శాతం. పిల్లల చదువు, ఉద్యోగం, కొన్నిసార్లు ఊళ్లో ప్రాణరక్షణ కూడా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటాయి.

ఆ గడి గురించే ఈ సంవాదం. మాట్లాడేది ఇద్దరు. అత్త మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై నంద్యాలలో ఉంటుంది. హోలీ క్రాస్ కెథడ్రల్‌లో ఆరాధన ఎన్నడూ తప్పదు. అల్లుడు ఆమె తమ్ముడి కొడుకు. ఆళ్లగడ్డలో ఒక స్వతంత్ర ప్రార్థన మందిరం నడుపుతున్న పాస్టరు. అతని చెల్లెలు ఇంటర్ బైపీసీ ముగించి నీట్ రాసింది. మనుషులు కల్పితం. వాదాలు కల్పితం కావు, మన ఇళ్లల్లో నేను చాలాసార్లు విన్నవే.

అల్లుడు: అత్తా, చెల్లెలు ఈసారి బీసీ-సీ కిందే దరఖాస్తు పెట్టాల. నాన్నకు చెప్పినా. నాన్న నీ దగ్గరికి పొమ్మన్నాడు.

అత్త: మార్కులు చూసినావా అబ్బీ? ఎస్సీ కోటాలో అయితే సీటు వచ్చే మార్కులవి. బీసీ-సీలో రాదు. తెలిసే చెప్తాండావా?

అల్లుడు: తెలిసే చెప్తాండా. సీటు రాకపోతే బీఎస్సీ నర్సింగ్ చదువుతాది, నీ మాదిరి. లోకమంతా సంపాదించి ఆత్మను పోగొట్టుకుంటే ఏం లాభం?

అత్త: ఆ మాట ఎవరి గురించి చెప్పినారో చూసుకో. లోకమంతా సంపాదించేటోని గురించి. జొన్నరొట్టె తిని రాత్రి రెండుగంటల దాకా చదివిన ఆడపిల్ల గురించి కాదు.

అల్లుడు: నీకొక సంగతి చెప్తా. మన వాడలో ఒకింటికి పోయినా. ముందుగదిలో గోడకు వాక్యం క్యాలెండర్ ఉండేది, నేనే ఇచ్చినా దాన్ని. ఆ పొద్దు లేదు. మేకు ఉంది, గోడ మీద తెల్లగా నలుచదరపు మచ్చ ఉంది. ఏమైందమ్మా అంటే, వీఆర్వో విచారణకు వస్తాడంటే తీసి బీరువా వెనకాల పెట్టినామయ్యా అనింది ఆ తల్లి. ఏడ్చింది కూడా. ఆదివారం అదే చెయ్యి చాపి రొట్టె తీసుకుంది. ఇచ్చింది నేను. నాకెట్లుంటాది చెప్పు! రెండు తలంపుల మధ్య ఎన్నాళ్లు తడబడతారని కర్మెలు కొండ మీద ఏలీయా అడిగింది ఇట్లాంటోళ్లనే కదా?

అత్త: ఏలీయా ఎదురుగా ఉన్నోళ్లు బయలును మొక్కినోళ్లు. ఈమె ఎవరిని మొక్కింది? తాసిల్దారునా?

అల్లుడు: భయాన్ని మొక్కింది.

(ఈ మాటకు అత్త దగ్గర వెంటనే జవాబు లేదు. నాకూ లేదు. బీరువా వెనక్కి పోయిన క్యాలెండర్లు మన తావుల్లో చాలానే ఉన్నాయి.)

అత్త: సరే, భయమే. ఆ భయం పుట్టించింది ఎవరు? 1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానోళ్లు షెడ్యూల్డ్ కులం కారు అని మూడో పేరాలో రాసినారు. 1956లో సిక్కుల్ని చేర్చినారు, 1990లో బౌద్ధుల్ని చేర్చినారు. మనల్ని బయటే పెట్టినారు. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి మీకు అంటరానితనం లేదు అంటారు. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దళితుల మీద గొడ్డళ్లు ఎత్తినోళ్లు నీ మతమేంది అని అడిగినారా? చచ్చినోళ్లలో బాప్తిస్మం తీసుకున్నోళ్లు లేరా? మనిషిని కొట్టేటప్పుడు మాలోడే, మాదిగోడే. కాగితం ఇచ్చేటప్పుడు మాత్రం క్రైస్తవుడు. హృదయాన్ని రెండు ముక్కలు చేసింది ఆ ఉత్తర్వు, ఆ తల్లి కాదు.

అల్లుడు: ఉత్తర్వు అన్యాయం. నేనూ అదే అంటా. అన్యాయమైతే బజార్లో నిలబడి అన్యాయమని అరుద్దాం. 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇయ్యాలని తీర్మానం చేసింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే అదే చెప్పింది. అడగడానికి దారి ఉంది. అయితే అడిగేది ఎవరత్తా? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు నూటికి ఒకటిన్నర కూడా లేరు, 1.34 శాతం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సెక్కి కిటికీలోనుంచి చూస్తే చాలు, ఆ లెక్క తప్పని చిన్నపిల్లోడు చెప్తాడు. మనల్ని మనమే దాచుకుంటిమి. మీరు ఇంతమందే కదా, మీకెందుకు హోదా అని అడిగితే నోరెత్తలేము. మన అబద్ధమే మన హక్కుకు అడ్డం పడింది.

అత్త: అది మాత్రం నిజం.

అల్లుడు: కోర్టు కూడా చెప్పింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరి అమ్మాయి కేసులో. బాప్తిస్మం తీసుకుని, చర్చికి పోతా, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అనింది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది, క్రైస్తవుడికి ఆ చట్టం వర్తించదని. అది వినగానే ఎంతమంది పాస్టర్లకు గుండె జారిందో నాకు తెలుసు. నాకు మాత్రం సిగ్గేసింది. ఒక న్యాయమూర్తి మన బాప్తిస్మాన్ని మనకంటే గట్టిగా నమ్మినాడు.

అత్త: చక్కగా చెప్పినావు. మందిరంలో ఈ మాటకు చప్పట్లు కొడతారు. ఇప్పుడు నేను అడుగుతా, చెప్పు. సిరియా సేనాధిపతి నయమాను కథ నీకు నేను చెప్పాల్నా? కుష్ఠు పోయినాక ఎలీషా ముందు నిలబడి, ఇంక యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించను అన్నాడు. అంతటితో ఆగినాడా? మా రాజు రిమ్మోను గుళ్లోకి నా చెయ్యి పట్టుకుని పోయి మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తాది, ఆ ఒక్కటి నన్ను మన్నించాల అన్నాడు. ప్రవక్త ఏమన్నాడు?

అల్లుడు: నెమ్మదిగలవాడై వెళ్లమన్నాడు.

అత్త: తిట్టినాడా? ఉద్యోగం మానెయ్యమన్నాడా?

అల్లుడు: లేదు. అయినా నయమాను సంగతి వేరు. ఆయన ముందే చెప్పినాడు. నా నడుం వంగుతాది, నా మనసు వంగదు అని ప్రవక్త మొఖం మీద చెప్పి పోయినాడు. మనోళ్లు ఎవరికి చెప్తాండారు? వీఆర్వోకు ఒక మాట, పాస్టరుకు ఒక మాట.

అత్త: నువ్వు చెప్పనిస్తివా? నీ మందిరంలో సాక్ష్యాల టైములో ఒక ఆడపిల్ల లేచి, అయ్యగారూ నేను కాలేజీలో ఎస్సీ సర్టిఫికెట్ పెట్టినాను, నా పరిస్థితి ఇది, నన్ను దేవుడు మన్నించాల అంటే ఏం చేస్తావు? నెమ్మదిగా పొమ్మంటావా? పై వారం ప్రసంగం ఆమె మీదే కదా! నులివెచ్చని లవొదికయ సంఘం అని మైకులో అరుస్తావు. ఆమె అమ్మానాయన ఇంక ఆ వీధిలో తలెత్తుకుంటారా? జనం నీకు అబద్ధం చెప్తాండారంటే, నిజం చెప్తే బతకనియ్యవని తెలిసి చెప్తాండారు.

అల్లుడు: నేనట్లా ఎవరినీ అవమానించలేదు.

అత్త: ఇంతకుముందు ఆ క్యాలెండర్ తల్లి ముచ్చట ఎట్లా చెప్పినావు నాకు? పేరు చెప్పలేదు సరే. మందిరంలోనూ అట్లనే చెప్పింటావు. ఆమె కూర్చోనే ఉంటాది.

(అల్లుడు ఇక్కడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎత్తుకున్న మాట వేరే దారిలో వచ్చింది, చరిత్ర దారిలో.)

అల్లుడు: అత్తా, మన ముత్తాతలు ముత్యాలపాడు మిషన్లో చేరినోళ్లు. 1850ల నుంచి అక్కడ ఎస్పీజీ మిషన్ దొరలుండేవాళ్లు. రుద్రవరం, చాగలమర్రి, కలసపాడు పల్లెల్లో మాలవాడలు ఒకటొకటే కదిలినాయి. చేరితే ఏం దొరికింది? ఊరి పెద్దల కోపం. నీళ్లకు తిప్పలు, పనికి తిప్పలు. అయినా చేరినారు. వాళ్లకు లేని భయం మనకెందుకు?

అత్త: వాళ్ల గురించి లోకం ఏమనిందో అది కూడా చెప్పు. గంజి క్రైస్తవులు అన్నారు. 1876లో ధాత కరువు వచ్చింది, మూడేండ్లు పీడించింది. కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయినారు, చచ్చి కొందరు, వలస పోయి కొందరు. కరువు తర్వాత గుంపులు గుంపులుగా మిషన్లలో చేరినారు. కూటి కోసం మతం మారినారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కడుపు నిండినోళ్లు ఆకలైనోని భక్తిని కొలవడం కొత్తేం కాదు. ఇప్పుడు నువ్వు కూడా అదే తక్కెడ పట్టుకున్నావు.

అల్లుడు: అదే కరువులో ఒంగోలు క్లౌ దొర ఏం చేసినాడో నీకు తెలుసు. బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని పెట్టినాడు. బాప్తిస్మం ఇయ్యమని జనం వచ్చి అడిగితే కూలి ఇచ్చే రోజుల్లో ఇయ్యనన్నాడు. సంవత్సరం మీద ఆపినాడు. సాయం నిలిచిపోయినాక కూడా జనం వచ్చి నిలబడితే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చినాడు. దేవుణ్ణీ లాభాన్నీ కలపగూడదని ఆ దొరకు తెలుసు. నేను చెప్తాండేది అంతే.

అత్త: మంచి మాట తెచ్చినావు. క్లౌ దొర ఆపింది ఏంది? బాప్తిస్మాన్ని. కూలి ఆపినాడా? గంజి ఆపినాడా? నువ్వు నా మందిరంలో చేరితేనే పని అన్నాడా? లేదు. ముందు కడుపుకు పెట్టినాడు. పెట్టి, నీకు నామీద ఆధారం తీరినాక నీ ఇష్టముంటే రా అన్నాడు. నువ్వు తిరగేసి చేస్తాండావు. ముందు సీటు వదులుకో, పూర్ణ హృదయమని ఒప్పుకుంటా అంటాండావు. వదులుకున్నాక ఆ పిల్ల ఫీజు ఎవరు కడతారు? నువ్వా? నీ మందిరమా?

అల్లుడు: దేవుడు చూసుకుంటాడు.

అత్త: దేవుడు చూసుకునేది సంఘం చేతులతోనే అబ్బీ. అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయం తీసి చదువు. వాళ్లలో కొదువ గలోడు ఒక్కడూ లేడని రాసింది. ఎందుకు లేడు? పొలాలున్నోళ్లు అమ్మి తెచ్చి పెట్టినారు కాబట్టి. వెంటనే ఐదో అధ్యాయంలో అననీయ, సప్పీరా. వాళ్లు చచ్చింది కొంత దాచుకున్నందుకా? పొలం నీదే కదా, అమ్మినాక కూడా డబ్బు నీ చేతిలోనే ఉండె కదా అని పేతురే అన్నాడు. కొంత ఇచ్చి అంతా ఇచ్చినట్టు నటించినందుకు చచ్చినారు.

అల్లుడు: నేను చెప్పేదీ అదే! నటన వద్దని.

అత్త: నటన ఒక్క పేదోనిదేనా? నీ మందిరం పునాది ఎవరి దశమభాగంతో లేచింది? మొదటి వరసలో కూర్చునే టీచరు, కానిస్టేబులు, కరెంటాఫీసు క్లర్కు ఏ సర్టిఫికెట్ మీద ఉద్యోగం తెచ్చుకున్నారు? వాళ్ల కవర్లు నువ్వు వెనక్కి ఇస్తివా? ఆ డబ్బుతో మైకులు కొన్నారు, ఏసీలు పెట్టించినారు. ఇప్పుడు అదే మైకులో వాళ్ల తర్వాత వచ్చే పిల్లలకు దారి మూసేస్తాండావు.

అల్లుడు: ఆ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు అత్తా.

అత్త: పట్టకపోతే మంచిదే. ఆ నిద్ర పట్టనిదాన్నుంచే ఏదైనా మంచి రావాల.

(నా మొగ్గు ఎటో చదివేవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా అల్లుణ్ణి తీసిపారేయడానికి లేదు. అతను పేరు కోసం మాట్లాడటం లేదు. నెల జీతమంటూ లేని మనిషి, భార్య కుట్టుమిషను మీద ఇల్లు గడుస్తుంది. తాను ఇచ్చింది కాబట్టి అందరూ ఇవ్వగలరని అనుకుంటున్నాడు. నిండు మనసుతో ఇచ్చినవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇదే.)

అల్లుడు: బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆమె జీవనమంతా అదే. నువ్వు పేదదానివి, నువ్వెయ్యొద్దు అని ప్రభువు ఆపలేదు.

అత్త: ఆపలేదు. ఆ రెండు కాసుల మాటకు రెండు వచనాలు ముందు ఏముందో చూసినావా? విధవరాండ్ర ఇండ్లను దిగమింగే శాస్త్రుల గురించి చెప్పి, ఆ వెంటనే ఆమెను చూపించినాడు. ఆమెను మెచ్చుకున్నాడు. ఆమెను ఆ స్థితికి తెచ్చినోళ్లకు శిక్ష తప్పదన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో. మనం కానుకల ఆదివారం శిక్ష మాట వదిలేసి మెచ్చుకున్న మాటే చదువుతాం. ఇంకోటి, ఆ విధవరాలు తనది తాను వేసింది. ఇంకెవరూ ఆమె చెయ్యి పట్టి వేయించలేదు.

అల్లుడు: చెల్లెలి చెయ్యి నేను పట్టుకున్నానంటావు.

అత్త: ఆ పిల్లను అడిగితివా?

అల్లుడు: నాన్నకు చెప్పినా.

అత్త: నాన్నకు చెప్పినావు, నాకు చెప్పినావు, రేపు మందిరంలో చెప్తావు. ఆమెను అడగలేదు. యెఫ్తా గుర్తున్నాడా? యుద్ధంలో గెలిపిస్తే నా ఇంట్లోంచి ముందు ఎదురొచ్చేదాన్ని నీకిస్తానని మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. మొక్కింది ఆయన, ప్రాణం పోయింది ఆమెది. ఆ కథలో దేవుడు ఆ మొక్కు అడిగినాడని యాడా రాయలేదు. ఇప్పటికీ మన ఇండ్లల్లో మగోళ్ల భక్తికి ఆడపిల్లలే మొదట ఎదురొస్తారు. అన్న సేవకు పోతాడు, చెల్లెలు చదువు మానేస్తాది. నాయన ఉపవాసం ఉంటాడు, అమ్మ పొలం పని రెండింతలు చేస్తాది. నీ హృదయం నువ్వియ్యి. ఆమెది నువ్వు ఇయ్యలేవు.

అల్లుడు: (మెల్లగా) అడుగుతా. అయితే నన్ను కూడా ఒక ప్రశ్న అడగనియ్యి. ఆమె నా మాటే అంటే? అన్నా, నేను క్రైస్తవురాలినే రాస్తా, సీటు పోయినా సరే అంటే, నువ్వు ఆమెకు అడ్డం పడవు కదా? పిచ్చిపిల్ల, అన్న మాటలు తలకెక్కినాయి అనవు కదా? మన పాత సంఘాల్లో అదీ ఉంది అత్తా. ఎవరైనా కాస్త ఎక్కువ ఇస్తామంటే వెర్రి అంటారు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్, పెండ్లి, సమాధి. నాలుగు పనులకు చర్చి ఉంటే చాలంటారు. ఇదే నంద్యాలలో మన పెద్దోళ్లు 1947లో ఏం చేసినారు? సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడితే, దోర్నకల్ డయాసిస్‌లో మిగతా వాళ్లంతా కలిసినా నంద్యాల వాళ్లు చాలామంది కలవలేదు. మేం ఆంగ్లికన్లం, మా బిషప్పులు, మా ఆరాధన క్రమం అని ఇరవై ఏండ్లకు పైగా విడిగా నిలబడినారు. 1970ల్లో గాని కలవలేదు. సంఘం పేరు కోసం అన్నేండ్లు నిలబడగలిగిన వాళ్ల మనవలు యేసు పేరు కోసం ఒక గడిలో నిలబడలేరా?

అత్త: (నవ్వకుండా) ఇది నాకు తగిలిందబ్బీ. మా నాయన ఆ కాలంలో చర్చి కమిటీలో ఉండె. వాళ్లు దాన్ని విశ్వాసం అనుకున్నారు. నిజంగానే అనుకున్నారు. ఈరోజు తిరిగి చూస్తే అందులో విశ్వాసమెంతో, మాది అన్న పట్టుదల ఎంతో విడదీయలేను. అడ్డం పడను. ఆ పిల్ల తనంతట తాను రాస్తానంటే నేనే సచివాలయానికి వెంట పోతా. అయితే ఒట్టి చేతులతో పోను.

అల్లుడు: అంటే?

అత్త: అజరయ్య బిషప్పు సంగతి మా అమ్మ చెప్పేది. 1912లో బిషప్పు అయినాడు, ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్థుడు ఒకడు బిషప్పు కావడం అదే మొదలు. చచ్చేదాకా, 1945 దాకా దోర్నకల్‌లోనే. మన నంద్యాల ప్రాంతం కూడా ఆయన కిందనే ఉండేది. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ తన చెయ్యి తన తలమీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే అయ్యో, నాకు శ్రమ అన్న పౌలు మాట పలకాల. చదువు రాని కూలోళ్లు కూడా. పూర్ణ సమర్పణ అని నువ్వు చెప్పేదాన్ని ఆయన మాలవాడల్లో, మాదిగవాడల్లో చూపించినాడు.

అల్లుడు: ఆయనే కదా, 1930ల్లో క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దన్నది. ప్రభుత్వమిచ్చే వాటా కోసం సంఘం ఒక కులం మాదిరి అయిపోతాదని.

అత్త: వద్దన్నాడు. అన్నోడు ఊరికే ఉండలేదు, బళ్లు పెట్టించినాడు, ఆసుపత్రులు నడిపినాడు. ఇంకోటి చేయించినాడు. పిడికెడు బియ్యం. మా అమ్మ చేసేది నేను కండ్లారా చూసినా. పొయ్యి మీద ఎసరు పెట్టి, చాటలో బియ్యం ఏరి, కడగకముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉండే రేకు డబ్బాలో వేసేది. డబ్బా మూతకు మసి పట్టి ఉండేది. ఇంట్లో చారెడే ఉన్నప్పుడు కూడా పిడికెడు ఆగలేదు. పిడికిలి చిన్నదయ్యేది, అంతే. ఆదివారం కొంగున కట్టుకుని పోయి చర్చిలో గంపలో పోసేది. పూటకు పిడికెడంటే ఒక ఇంట్లో నెలకు రెండు మూడు కిలోలు. నూరిండ్లయితే రెండు మూడు క్వింటాళ్లు.

అల్లుడు: ఆ బియ్యంతో మెడికల్ సీటు రాదు అత్తా.

అత్త: రాదు. డిగ్రీ ఫీజు వస్తాది, నర్సింగ్ పిల్లకు హాస్టల్ ఖర్చు వస్తాది, నీట్ ఇంకో ఏడు రాయాలంటే కోచింగ్‌లో సగమన్నా వస్తాది. నీ మందిరం రెండో అంతస్తు ఆపితే మిగతా సగం వస్తాది. మా కెథడ్రల్‌లో పండగ విందుకు పెట్టేది తగ్గిస్తే ఇంకో ఇద్దరికి వస్తాది. మా వాళ్లకు చెప్పడానికి నేనున్నా. క్రైస్తవులమని రాసి నష్టపోయిన ప్రతి బిడ్డ లెక్క సంఘం మొయ్యాల. అప్పుడు నువ్వు మైకు పట్టుకుని పూర్ణ హృదయం అను, నేను మొదటి వరసలో కూర్చుని ఆమెన్ అంటా. అంతదాకా ఆ మాట పేదోళ్ల మీదికి విసరొద్దు.

అల్లుడు: మొయ్యలేని వాళ్లకు?

అత్త: వాళ్లకు ఎలీషా చెప్పిన మాట చెప్పు. నెమ్మదిగా పొమ్మను. వచ్చి నీకు నిజం చెప్పగలిగేటట్టు ఉండు. ఆ తల్లి ఇంటికి మళ్లీ పో. క్యాలెండర్ గురించి మాట్లాడొద్దు. కొడుకు చదువు ఎట్లుందని అడుగు.

అల్లుడు: రెండో అంతస్తుకు ఇసుక తోలించినా అత్తా. ముందరే పోసి ఉంది.

అత్త: ఉండనీ. ఇసుక యాడికీ పోదు.

సంవాదం ఇక్కడికి ఆపుతున్నాను. ఇద్దరిలో ఎవరూ పూర్తిగా ఓడలేదు. ఓడాల్సింది ఎవరైనా ఉంటే అది 1950 ఉత్తర్వులోని మూడో పేరా, దాన్ని మార్చాలని అడగడం మన అందరి పని. కాగితం మీద మతం దాచుకోవడం సబబని నేను అనను. చట్టం ముందు అది నిలవదు, దాచుకున్నవాళ్ల మనసును అది లోపల్నుంచి తినేస్తుంది, అల్లుడు చెప్పినట్టు మన లెక్కనూ మన గొంతునూ చిన్నవి చేస్తుంది. అయితే ఆ నిజాన్ని చెప్పే ధైర్యం ఒక పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా కొనుక్కోవాల్సిన వస్తువు కాదు. నిండు మనసుతో దేవుణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండంలో ఒక్క మనిషిని పిలిచి చెప్పింది కాదు. ఇశ్రాయేలూ వినుమని జనమంతటినీ పిలిచి చెప్పింది.

నంద్యాల, ఆళ్లగడ్డ, సిరివెళ్ల, చాగలమర్రి సంఘాల పెద్దలకు, పాస్టర్లకు, స్త్రీల సమాజాల తల్లులకు ఒక మనవి. అడ్మిషన్ల కాలం ప్రతి ఏడూ వస్తుంది. ఈసారి దరఖాస్తులు మొదలుకాకముందే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తలుపులు మూసి, మైకు ఆపి కూర్చోండి. ఇంటర్ ముగించిన పిల్లల పేర్లు రాయండి. ఎవరు ఏ గడిలో ఏం రాయాలనుకుంటున్నారో వాళ్లనే అడగండి, చెప్పింది బయటికి పోనీయకండి. క్రైస్తవులమని రాస్తామన్న ప్రతి బిడ్డకూ అయ్యే ఖర్చు అణాపైసలతో లెక్క కట్టి, సంఘం పద్దులో మొదటి పద్దుగా రాయండి. భవనం పద్దు దాని కింద రాసుకోండి.